పటిక చేతిలో పెట్టుకుని పెన్‌డ్రైవ్ వెతికినట్టు

"ఈ నెల ప్యానెల్ ఎన్ని గంటలు వాడారు?"

చుట్టుపక్కల సర్కారు బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఈమధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఇది. ప్యానెల్ అంటే తరగతి గోడకు బిగించిన పెద్ద టచ్ తెర. ఒక బడి ఇరవై అంటుంది, ఇంకో బడి నలభై అంటుంది. నలభై అన్నవాళ్లకు మెచ్చుకోలు. ఇరవై అన్న హెచ్‌ఎం సంజాయిషీ మొదలుపెడతాడు: కరెంటు ఉంటలేదు, సైన్సు సారు ట్రైనింగుకు పోయిండు, పెన్‌డ్రైవ్ పెడితే తీసుకుంటలేదు. ఆ నలభై గంటల్లో ఏం చూపించారు, దాన్ని తెర మీద చూపించాల్సిన పని అసలు ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. గంటలు లెక్కపెడితే బడి గంటలే చూపిస్తుంది. మధ్యాహ్నం భోజనం కాగానే ఆరూ ఏడూ తరగతులను కలిపి కూర్చోబెట్టి ఏదో ఒక వీడియో వదిలితే రోజుకు రెండు గంటలు ఇట్టే జమ పడతాయి.

నేను చెప్పదలచింది ఒక్కటే. చేతికందే వస్తువును తెర మీద చూపించకూడదు. కంటికి ఆననిది, బడికి తేలేనిది, ఒక పీరియడులో చూడలేనంత నెమ్మదిగానో చటుక్కుమనో జరిగిపోయేది ఉంటే దాన్ని చూపించడానికే తెర. ఆ లెక్కన ఒక తరగతికి ఒక సబ్జెక్టులో నెలకు రెండు గంటలు దాటి ప్యానెల్ అవసరం పడదు. ప్యానెళ్లే దండగ అనేవాళ్లకు ఈ మాట ఊతమిస్తుందని తెలుసు. కానీ ఆ రెండు గంటలు సరిగ్గా నడవడానికి పట్టే శ్రమ, నలభై గంటలు నడపడానికి పట్టే శ్రమకంటే చాలా ఎక్కువ. ఈ వ్యాసమంతా ఆ శ్రమ గురించే.

పటిక, సున్నం, రెండు సీసాలు

నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు, కలపడానికి ఒక కర్ర, తేరుకునేదాకా ఆగే ఓపిక ఉంటే చాలు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పిల్లలకు ఫ్లోరైడ్ అంటే ఏమిటో పుస్తకం చెప్పక్కర్లేదు. గారపట్టిన పళ్లూ వంగిన కాళ్లూ వాళ్లు చూసినవే. అలాంటి చోట ఈ పద్ధతిని యానిమేషన్‌లో చూపించేస్తే? నీలం రంగు ట్యాంకు, గిర్రున తిరిగే రెక్క, వెనకాల సంగీతం. మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. పటిక మాత్రం బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో దొరుకుతుంది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఆ పాఠాన్ని నలభై అయిదు నిమిషాల్లో ఇలా నడపొచ్చు. పైభాగం కోసేసిన లీటరు కూల్‌డ్రింకు సీసాలు రెండు తీసుకోవాలి. రెంటిలోనూ బోరు నీళ్లు పోసి, ఒక్కో చెంచా ఎర్రమట్టి కలపాలి. మొదటి సీసాను అలాగే వదిలేయాలి. రెండో దాంట్లో అగ్గిపుల్ల కొనకు అంటినంత పాన్‌డబ్బా సున్నం వేసి, ఆ తర్వాత అర గ్రాము పటిక పొడి వేయాలి. త్రాసు లేకపోతే టీ చెంచాలో పదో వంతు అనుకోవచ్చు. సున్నం పటికలో ఇరవయ్యో వంతు ఉంటే చాలు. ముందు ఒక నిమిషం జోరుగా కలపాలి, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. ఈ పని పిల్లలదే, నిమిషానికొకరు చొప్పున. ఏడెనిమిది నిమిషాలకు నీళ్లలో పాలు విరిగినట్టు తుంపులు కనిపిస్తాయి. తిప్పడం ఆపాక అవి ఒక్కొక్కటే అడుగుకు దిగడం మొదలుపెడతాయి. బాగా తేరుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంట్లో తాగడానికి ఈ పద్ధతి వాడేవాళ్లు గంటసేపు కదపకుండా ఉంచుతారు.

ప్యానెల్ పని ఆ ఇరవై నిమిషాల్లోనే. పటిక నీళ్లలో ఏమైంది? అందులోని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి జిగురు ముద్దలా ఎలా తయారైంది? ఆ ముద్దకు ఫ్లోరైడ్ ఎలా అంటుకుంది? ఇవేవీ సీసాలో కనిపించవు. ఇక్కడ నాలుగు నిమిషాల యానిమేషన్‌కు విలువ ఉంది. ఫ్లోరైడ్ ముద్దకు అతుక్కునే చోట వీడియో ఆపి ఒక ప్రశ్న అడగాలి: "ఫ్లోరైడ్ ఎటు పోయింది?" 'పోయింది' అనే జవాబే ఎక్కువ వస్తుంది. పోలేదు, అడుగున మడ్డిలో ఉంది. మరి ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలి? బాయిలోనా, చేనులోనా? పాఠం అసలు మొదలయ్యేది ఇక్కడే. సాధారణంగా వీడియోలు ఈ ప్రశ్న అడగకముందే అయిపోతాయి.

ఇంకో చిక్కు ఉంది. నీళ్లు తేటపడ్డాయి కాబట్టి ఫ్లోరైడ్ తగ్గిందని పిల్లలు నమ్ముతారు. ఈ ప్రయోగంలో ఉన్న పెద్ద ప్రమాదం అదే. అందుకని మట్టి కలపని బోరు నీళ్లు ఒక గ్లాసులో మూడోదిగా బల్ల మీద ఉంచాలి. అవి ముందునుంచీ తేటగానే ఉన్నాయి, ఫ్లోరైడూ వాటిలోనే ఉంది. దానికి రంగూ లేదు, రుచీ లేదు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా పర్వాలేదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. అది కంటికి తెలిసే సంగతి కాదు. పరీక్షించడానికి రసాయనం కావాలి, గులాబీ రంగు పసుపు వైపు తిరగడాన్ని బట్టి చెప్పాలి. సీసాలో తేరిన నీళ్లను ఎవరూ తాగకూడదని కూడా ముందే గట్టిగా చెప్పాలి.

ఈ ప్రయోగం చెడిపోయే దారులు కూడా తెలిసి ఉండాలి. చివరిదాకా జోరుగా తిప్పితే తుంపులు విరిగిపోయి నీళ్లు మబ్బుగానే ఉండిపోతాయి. బోరు నీళ్లకు బదులు ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్లు పోసి, సున్నం మరిచిపోతే తుంపులు సరిగ్గా కట్టవు. పటిక నీళ్లను పులుపెక్కిస్తుంది. దాన్ని తట్టుకునే క్షారగుణం ఆ నీళ్లలో పెద్దగా ఉండదు. సున్నం ఎందుకు వేస్తారో ఆ తప్పు జరిగినప్పుడే పిల్లలకు బాగా తెలుస్తుంది. యానిమేషన్ ట్యాంకులో ఆ తప్పు ఎప్పటికీ జరగదు.

కరెంటు పాఠానికీ ఇదే వరస. కొలరాడో విశ్వవిద్యాలయంవాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూడగలిగే ప్రయోగాలు, ఉచితం, ఫైలు దించుకుంటే నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం వాటిలో చూడొచ్చు, నిజం బల్బులో చూడలేం. కానీ తెర మీది తీగకు లూజ్ కాంటాక్టు ఉండదు. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ, టార్చి బల్బు, రెండు తీగ ముక్కలు ఇస్తే పిల్లలు పడే తిప్పల్లో సగం లూజ్ కాంటాక్టు వల్లే. ముందు ఆ తిప్పలు పడనివ్వాలి, తర్వాత తెర.

తెర లేకుండా కుదరని పాఠాలు కూడా మన దగ్గరే ఉన్నాయి. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. బడి జెండా కర్ర నీడ మాత్రం పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు. ఈ రెంటినీ పొద్దంతా కూర్చుని చూడలేం. జెండా కర్ర ముందు రెండు ఇటుకల మధ్య ఫోన్ బిగించి, ఎనిమిది నుంచి నాలుగింటి దాకా పది నిమిషాలకో ఫొటో తీస్తే నలభై తొమ్మిది వస్తాయి. సెకనుకు పది చొప్పున నడిపితే అయిదు సెకన్ల సినిమా. గుళ్లో అనుమతి అడిగి అక్కడా అలాగే తీస్తే, రెండూ పక్కపక్కన ప్యానెల్ మీద పెట్టి "ఇది ఎందుకు కదిలింది, అది ఎందుకు కదల్లేదు" అని అడగొచ్చు. డిజిటల్ సామగ్రి అంటే ఎక్కడో తయారై రావాలని మనమే అనుకుంటున్నాం.

చివరి బెంచీకి ఒత్తు కనిపించాలి

ప్యానెల్ మీద పాఠం దెబ్బతినేది ఎక్కువగా అక్షరం దగ్గర. డెబ్బై అయిదు అంగుళాల ప్యానెల్ ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. చివరి బెంచీ ఏడు మీటర్ల దూరంలో ఉంటుంది. దూరంలో రెండువందలో వంతు ఎత్తున్న అక్షరాన్ని హాయిగా చదవొచ్చని ఒక మోటు లెక్క. అంటే మూడున్నర సెంటీమీటర్లు. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఒత్తు ఎత్తు అక్షరంలో సగం కూడా ఉండదు. ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. కాబట్టి అక్షరం నాలుగున్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు, వరసకూ వరసకూ తొమ్మిది సెంటీమీటర్లు కావాలి. 93ని తొమ్మిదితో భాగిస్తే పది వరసలు. అంతే. యాభై అయిదు అంగుళాల టీవీ అయితే ఎత్తు 68 సెంటీమీటర్లు, దాని మీద ఏడు వరసలు.

మన పీపీటీలు చూస్తే ఒక్కో స్లైడు మీద ఇరవై వరసలుంటాయి. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ అయితే పేజీకి ముప్పై. పిల్లల ఒళ్లో ఉన్న పుస్తకాన్నే, వాళ్లకు కనపడనంత చిన్నగా చేసి, లక్షల రూపాయల తెర మీద చూపించడం ఏం లాభమో తెలియదు. పరీక్ష తేలిక. తయారుచేసిన స్లైడు మీద 'రాష్ట్రం' అని ఒక మాట అదే సైజులో రాసి, చివరి బెంచీ పిల్లను చదవమనాలి. "సార్, కింద ఒత్తులు కనిపిస్తలేవు" అంటే ఆ స్లైడును రెండు చేయాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి. కనిపించకపోయినా ముందు బెంచీ గొంతుతో గొంతు కలిపి చదివేస్తారు.

ఫాంటు సంగతి మరీ ఘోరం. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు మన టీచర్ల దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్లో ముత్యాల్లా కనిపించిన పాఠం, ప్యానెల్ మీద తెరిచేసరికి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి అవుతుంది. ఆ ఫాంటు ప్యానెల్‌లో లేదు మరి. టైపు చేసిన కంప్యూటర్లోనే పీడీఎఫ్‌గా మార్చి తెస్తే బయటపడొచ్చు. కొత్తగా చేసేవి మాత్రం ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే చేయాలి, అయిదేళ్ల తర్వాత వచ్చే సారుకు కూడా పనికొస్తాయి.

ఇక గొంతు. ప్యానెల్ స్పీకర్లు చిన్నవి. నాలుగు ఫ్యాన్లు తిరిగే గదిలో మూడో బెంచీ దాటవు, రేకుల కప్పు మీద వాన పడితే మొదటి బెంచీ కూడా దాటవు. విడిగా స్పీకరు కొనడం కంటే నాకు నచ్చే ఉపాయం మ్యూట్ బటన్. 2022-23 నుంచి పుస్తకాల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్ వచ్చాయి. వీడియో మాత్రం ఏదో ఒక భాషలోనే ఉంటుంది. బొమ్మను నడవనిచ్చి మాట టీచరు చెబితే, 'అవక్షేపం' అన్నచోట 'అడుగున మడ్డి' అనీ చెప్పొచ్చు, 'సెడిమెంట్' అనీ చెప్పొచ్చు. ఏ పిల్లవాడి ముఖం ఎలా ఉందో చూసుకుంటూ చెప్పొచ్చు.

సుద్దపొడి, బల్లి, ఇన్వర్టర్

ఎక్కువ ప్యానెళ్లలో టచ్ పనిచేసేది పరారుణ కిరణాలతో. తెర చుట్టూ ఉన్న అంచులోంచి కంటికి కనపడని కిరణాలు అడ్డంగా నిలువుగా పోతుంటాయి. వేలు వాటికి అడ్డొస్తే ఎక్కడ నొక్కారో దానికి తెలుస్తుంది. వేలే అక్కర్లేదు, ఏది అడ్డొచ్చినా నొక్కినట్టే. పక్కనే ఉన్న బోర్డు మీది సుద్దపొడి కింది అంచులో పేరుకుంటే తెర తనంత తాను గీతలు గీస్తుంది. బల్లి పాకినా పేజీ తిరుగుతుంది. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా అంచు మీద పడినా టచ్ తికమక పడుతుంది. "ప్యానెల్ ఖరాబైంది" అని కంప్లైంట్ పెట్టి నెల రోజులు మెకానిక్ కోసం ఎదురుచూసే ముందు, ప్యానెల్ ఆపేసి, పొడి పెయింటు బ్రష్షుతో నాలుగు అంచులూ దులిపి చూడాలి. తడిగుడ్డ అంచుల దగ్గరికి తేకూడదు. కిటికీకి ఒక ముదురు రంగు గుడ్డ కట్టాలి.

కరెంటు లెక్క ఇంకొంచెం ముఖ్యం. 75 అంగుళాల ప్యానెల్ సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్-అవర్లు, నష్టాలు పోను చేతికొచ్చేది 1100 దాకా. ప్యానెల్ ఒక్కటే అయితే అయిదు గంటలు వస్తుంది. అదే ఇన్వర్టర్ మీద నాలుగు ఫ్యాన్లు కూడా ఉంటే మొత్తం 500 వాట్లు, రెండు గంటల్లో ఖాళీ. నాలుగేళ్ల పాత బ్యాటరీ అయితే అందులో సగం. కాబట్టి ప్యానెల్ లైను విడిగా లాగించాలి.

ఊళ్లలో ఇంకో విచిత్రం. కరెంటు ఉంటుంది, అయినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదే నడుస్తుంది, మధ్యాహ్నానికి కూతపెట్టి ఆగిపోతుంది. యాసంగిలో మోటర్లన్నీ నడిచే వేళ వోల్టేజీ 180 కిందికి పడిపోతే, ఇన్వర్టర్ 'యూపీఎస్' మోడ్‌లో ఉంటే అది కరెంటు పోయినట్టే లెక్కగడుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని రెండో వైపు, అంటే నార్మల్ మోడ్‌కు మారిస్తే ఇంకా తక్కువ వోల్టేజీని కూడా తీసుకుంటుంది. ఎక్కువ ప్యానెళ్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. ప్యానెల్ వెనక స్టిక్కరు మీద ఆ అంకెలు చూసుకుని మార్చాలి. రూపాయి ఖర్చు లేని మరమ్మతు ఇది.

ఖర్చు పెట్టాల్సింది ఎర్తింగ్ దగ్గర. ప్యానెల్ ఇనుప ఫ్రేము ముట్టుకుంటే జిల్లుమంటే అది ప్యానెల్ తప్పు కాదు, సాకెట్‌లో మూడో తీగ ఎక్కడికీ పోవడం లేదన్నమాట. పాలమూరు, నల్లగొండ నేలల్లో గజం తవ్వితే రాయి తగులుతుంది. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎముకలా ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి, వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తేనే అది ఎర్త్‌గా పనిచేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటరు పెట్టించి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంతుందో చూపించమనాలి. రెండు మూడు వోల్టులు దాటితే బాగుచేసేదాకా పిల్లలను ఆ తెర ముట్టుకోనివ్వకూడదు.

పెన్‌డ్రైవ్ ఎందుకు తీసుకుంటలేదు

నలభై అయిదు నిమిషాల వీడియో 720 నాణ్యతలో చూస్తే దాదాపు 500 ఎంబీ ఖర్చవుతుంది. సారు ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ ఉంటే మూడు పీరియడ్లతో సరి. పొద్దునే హాజరు యాపులకు పోయేది అదనం. అమ్రాబాద్, పదర, లింగాల వైపు నల్లమల ఊళ్లలో ఆ ఒకటిన్నర జీబీ ఉన్నా సిగ్నల్ ఉండదు. అందుకని నెట్ మీద ఆధారపడే పాఠాన్ని నేను పాఠంగా లెక్కపెట్టను. ముందు రోజే దించుకోవాలి.

దించుకున్నా పెన్‌డ్రైవ్ దగ్గర పేచీ. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. వేరే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే పాత టీవీలు కొన్ని పెన్‌డ్రైవ్‌నే గుర్తించవు. మాట వినిపించి బొమ్మ రాకపోతే వీడియో ఆ ప్యానెల్‌కు తెలియని హెచ్.265 అనే రకంలో ఉండి ఉంటుంది. బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆడియో ఆ ప్యానెల్‌కు తెలియని రకం. రెంటికీ మందు ఒకటే: హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264, ఏఏసీ, ఎంపీ4గా మార్చుకోవడం. మార్చేటప్పుడే కావలసిన నాలుగు నిమిషాలు మాత్రం కత్తిరించుకుంటే, క్లాసులో పిల్లలను ఆపి ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చునే బాధ తప్పుతుంది.

దీక్ష అనే సర్కారు పాఠాల యాపు వాడేవాళ్లకు ఒక మాట. ఫోన్‌లోని దీక్ష యాపులో దించుకున్న పాఠం ఆ యాపులోనే తెరుచుకుంటుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి ప్యానెల్‌కు పెడితే నడవదు. ప్యానెల్‌లోనే యాపు వేసి, అక్కడే దించాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడానికి ప్యానెల్‌కు కెమెరా లేదని ఆగిపోతుంటారు. పుస్తకంలో ఆ కోడ్ కిందనే ఆరు అక్షరాలుంటాయి, వాటిని టైపు చేస్తే చాలు.

టీచరే లేని చోట

ఇంతదాకా చెప్పినదానికి గట్టి ఎదురు వాదన ఒకటుంది. ఫిజిక్స్ పోస్టు ఏడాదిగా ఖాళీ ఉన్న హైస్కూల్లో, ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిచే ప్రైమరీ బళ్లో 'వీడియో ఎక్కడ ఆపాలి' అని ఎవరికి చెబుతావు? అక్కడ ఆపే చెయ్యే లేదు. దసరా దాటాక తల్లిదండ్రులతో ముంబై, పుణె పనులకు వెళ్లి ఎండాకాలానికి తిరిగొచ్చే నారాయణపేట, కోస్గి వైపు పిల్లలకు పోయిన పాఠాలు ఎవరు చెబుతారు? అలాంటి చోట నలభై గంటల వీడియో కూడా మేలే కదా?

ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంత మాత్రం చెప్పగలను. గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త కంప్యూటర్ పాఠాల మీద చేసిన అధ్యయనంలో, బడి సమయంలో టీచరు పాఠం తీసేసి కంప్యూటర్ పెట్టిన చోట పిల్లలు వెనకబడ్డారు. బడి అయ్యాక అదనంగా పెట్టిన చోట ముందుకెళ్లారు, అందులోనూ చదువులో వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ లాభం. పాకిస్తాన్ పంజాబ్‌లో జరిగిన ఇంకో అధ్యయనం 2022లో అచ్చయింది. ఎనిమిదో తరగతి గణితం, సైన్సు టీచర్లకు తరగతిలో తెర ఇచ్చి, చిన్న చిన్న వీడియోలిచ్చి, వాటిని పాఠంలో కలుపుకోమన్నారు. నాలుగు నెలల్లోనే మార్కులు పెరిగాయి. అదే తరహా సామగ్రిని టీచరును దాటేసి ట్యాబుల్లో నేరుగా పిల్లల చేతికిస్తే తగ్గాయి.

కాబట్టి వలస వెళ్లొచ్చిన పిల్లలకు సాయంత్రం గంటసేపు రికార్డు పాఠాలు పెట్టడం న్యాయమే. టీచరు ఉన్న పీరియడును వాటితో నింపడం అన్యాయం. ఇద్దరు టీచర్ల బళ్లో మాత్రం రాజీ పడక తప్పదు. మూడో తరగతికి లెక్కలు చెబుతుండగా అయిదో తరగతికి ఎనిమిది నిమిషాల వీడియో పెట్టొచ్చు, కానీ దానికి ముందే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసి పెట్టాలి. ప్రశ్న ముందు ఉంటే పిల్లలు జవాబు కోసం చూస్తారు. ప్రశ్న లేకపోతే బొమ్మ కోసం చూస్తారు.

2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర సర్కారు చదువుల చానెల్ టీశాట్‌లో పాఠాలు వచ్చినప్పుడు ఊళ్లలో ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఫోన్ లేని ఇళ్లకు కూడా టీవీ ద్వారా బడి చేరింది, అది చిన్న విషయమేం కాదు. కానీ ఆ పాఠాన్ని ఆపే వీలు లేదు. "సార్, సమజ్ కాలే" అనడానికి అటువైపు ఎవరూ లేరు. ఇప్పుడు తరగతిలో సారు ఉండి, చేతిలో రిమోటు ఉండి కూడా ఆపకపోతే మళ్లీ ఆ రోజుల్లోకే పోయినట్టు.

బ్యాటరీ ఎవరు కొంటారు

ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ఒప్పందం గడువు తీరాక ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు, కంప్యూటర్లు గుడ్డ కప్పుకుని మిగిలాయి. అవి పాతబడి పోయినందుకు బాధ లేదు. చిన్న రిపేరుకు డబ్బు ఎక్కడినుంచి తేవాలో ఎవరూ రాసిపెట్టకపోవడం వల్లే వాటిలో చాలా మూలనపడ్డాయి.

ఇప్పుడూ లెక్క అదే. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు నియమావళి ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలుంటే 25 వేలు, 250 దాకా అయితే 50 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, నల్లా రిపేరు, బల్ల విరిగితే మేకులు, అన్నీ అందులోనే. పదో వంతు శుభ్రతకు పక్కన పెట్టాలి. ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటే దాదాపు పదిహేను వేలు. 80 మంది పిల్లలున్న బళ్లో బ్యాటరీ పోయిన ఏడాది ఇంకేమీ కొనలేం. సర్కారు బడులను బాగుచేసే మన ఊరు-మన బడి పథకం 2022 మార్చిలో వనపర్తిలో మొదలైనప్పుడు ఎంచుకున్న పన్నెండు అంశాల్లో డిజిటల్ విద్య కూడా ఉంది. ప్యానెల్ ఇవ్వడం ఒక్కసారి ఖర్చు. బ్యాటరీ, బ్రష్షు, ఎర్తింగ్, కేబుళ్లు ఏటేటా ఖర్చు. ప్యానెల్ ఉన్న ప్రతి బడికీ గ్రాంటులో విడిగా ఏడాదికి అయిదారు వేలు 'ప్యానెల్ పద్దు' అని రాసిస్తే ఈ గొడవలో సగం తీరుతుంది. మిగిలిపోతే బ్యాటరీ కోసం దాచుకోనివ్వాలి.

కాంప్లెక్స్ మీటింగులో అడిగే ప్రశ్న కూడా మార్చాలి. ఎన్ని గంటలు అని వద్దు. "ఈ నెల వీడియో ఎక్కడ ఆపారు, ఆపి ఏం అడిగారు, పిల్లలు ఏమన్నారు" అని ఒక్కో టీచరు ఒక్క సంఘటన చెబితే చాలు. నలభై గంటల బడులు కొన్ని అక్కడ తడబడతాయి.

ఏటా జూన్ దగ్గరపడేసరికి చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఏప్రిల్ చివర తాళం వేసిన గదిలో ప్యానెల్ ఏడు వారాలు ఒంటరిగా ఉంటుంది. బడి తెరిచే రోజు స్విచ్ వేసే ముందు వెనక కేబుళ్లు ఎలుకలు కొరికాయేమో టార్చి వేసి చూడాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గుర్తుదాకా పోయాలి. ఎర్త్ గుంతలో రెండు బకెట్ల నీళ్లు. అంచులు దులపాలి. ఆ తర్వాత ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లను చివరి బెంచీలో కూర్చోబెట్టి, తెర మీద 'రాష్ట్రం' అని రాసి చదవమనాలి.